రాయి తగిలిన సెయిల్‌బోట్: కీల్ దగ్గర ఏం పాడైందో ఎలా కనిపెట్టాలి

స్టాక్‌హోమ్ దీవుల మధ్య నీళ్ల అడుగున చాలాచోట్ల ఉండేది ఇసుక కాదు, గట్టి రాయి. మా 31 అడుగుల పడవ ఐదున్నర నాట్స్ వేగంతో, అంటే గంటకు పది కిలోమీటర్లతో, అలాంటి ఒక బండను గుద్దింది. సైకిలు వేగం కూడా కాదు. కానీ ఐదు టన్నుల పడవ ఉన్నచోటే ఆగిపోయింది. స్టవ్ మీది టీ గిన్నె ఎగిరి పడింది, మా ఆవిడ మోకాలు చెక్కుకుపోయింది.

హుస్సేన్ సాగర్‌లో డింగీల (చిన్న తెరచాప పడవల) మీద నేర్చుకున్నవాళ్లకు ఈ బెంగ ఉండదు. అక్కడ అడుగు పలకను పైకి లాగేసుకోవచ్చు. ఇక్కడ టన్నున్నర ఇనుము పడవ అడుగున బోల్టులతో బిగించి ఉంటుంది, దాన్నే కీల్ అంటారు.

వెతికేముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలి. కీల్ కింది కొస రాయికి తగిలి ఆగిపోతుంది, పడవ మాత్రం ముందుకు పోవాలని చూస్తుంది. అప్పుడు కీల్ గునపంలా పనిచేస్తుంది. దాని వెనక అంచు పడవ అడుగును లోపలికి పొడుస్తుంది, ముందు అంచు బోల్టులను కిందికి లాగుతుంది. రాయి చేసిన సొట్ట ముందు కనిపిస్తుంది, అసలు దెబ్బ వెనక, అదీ లోపల ఉంటుంది.

గుద్దిన వెంటనే

ముందు మనుషులను చూడండి, తర్వాత నేల పలకలు ఎత్తి బిల్జ్ (లోపలి నీళ్లు చేరే అట్టడుగు భాగం) చూడండి. పడవ రాయి మీద ఇరుక్కుని నీళ్లు వేగంగా వస్తుంటే కంగారుగా లోతులోకి లాగొద్దు. ఆ కాసేపు పడవను మోస్తున్నది ఆ రాయే. పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఛానల్ 16లో పిలవండి, స్వీడన్‌లో ఫోన్ ఉంటే 112. పోటు వస్తే తేలుతుందిలే అని ఆగడం ఇక్కడ కుదరదు, బాల్టిక్‌లో ఆటుపోట్లు లేనట్టే. పని మొదలుపెట్టకముందే ఫోటోలు తీసి ఇన్సూరెన్స్‌వాళ్లకు చెప్పండి.

సమస్య: బిల్జ్‌లో కొద్దికొద్దిగా నీళ్లు

నాలుక మీద వేసుకుని ఉప్పగా ఉంటే సముద్రపు నీరు అంటారు. బాల్టిక్‌లో ఇది పనికిరాదు. మహాసముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడ ఐదారు గ్రాములే. స్పాంజితో పొడిగా తుడిచి, కీల్ బోల్టుల చుట్టూ టిష్యూ పేపర్ పరవండి. ముందు ఏ ముక్క తడిసిందో చూడండి. బోల్టు పక్కది తడిస్తే కీల్ అతుకు వదులైనట్టు. కీల్ వెనక అంచు దగ్గరిది తడిస్తే హల్ (పడవ ఒళ్లు) పగిలిందేమోనని అనుమానించాలి. అతుకు మీద బయటినుంచి సీలెంట్ పూస్తే సరిపోతుందని ఒక యార్డులో చెప్పారు. అది కారే కప్పు మీద పట్టా కప్పడం లాంటిది. కీల్ దించి, బోల్టులు చూసి, సాగినవి, తుప్పు తిన్నవి మార్చి, కొత్త సీలెంట్‌తో కూర్చోబెట్టి, తయారీదారు చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి.

సమస్య: కీల్, హల్ కలిసేచోట సన్నటి పగులు

ఇది పుట్టీ పగులే కావచ్చు. తేల్చుకోవాలంటే క్రేన్ బెల్టుల్లో వేలాడుతున్నప్పుడు ఒకసారి, కీల్ దుంగల మీద ఆనాక ఇంకోసారి చూడండి. సందు తెరుచుకుని మూసుకుంటుంటే కీల్ కదులుతోంది, దించాల్సిందే. కదలకపోతే, లోపల కూడా అంతా గట్టిగా ఉంటే, పగులు చెక్కి ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ జిగురు) పుట్టీ పెట్టుకోవచ్చు.

సమస్య: లోపల తలుపు పట్టేయడం, నేల పలకలు కూర్చోకపోవడం

మాకు అసలు సంగతి తెలిసింది ఇలాగే. మూడోరోజు బాత్రూమ్ తలుపు మూసుకోలేదు. తలుపు ఉబ్బిందనుకున్నాను. యార్డు మేస్త్రీ వచ్చి చిన్న ప్లాస్టిక్ సుత్తితో కీల్ వెనకనుంచి కొట్టుకుంటూ వచ్చాడు. గచ్చు మీద టైల్స్ కొట్టి చూసినట్టే: టక్, టక్, ఉన్నట్టుండి గుల్ల శబ్దం. హల్‌ను పట్టి ఉంచే అడ్డ దూలాల్లో వెనకవి మూడు అతుకు ఊడి ఉన్నాయి. బయట గీత కూడా లేదు.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2014 మేలో ఆంటిగ్వా నుంచి ఇంగ్లండ్ తిరిగొస్తున్న చీకీ రఫీకీ అనే పడవకు అట్లాంటిక్‌లో కీల్ ఊడిపోయింది, నలుగురూ దక్కలేదు. అంతకుముందు నేలకు తగిలిన దెబ్బలు, వాటికి చేసిన రిపేర్లు కలిసి కీల్ బిగించినచోటును బలహీనపరిచి ఉండొచ్చని బ్రిటన్ దర్యాప్తు సంస్థ 2015లో రాసింది.

రిపేరు: ఊడినదాన్ని పూర్తిగా కోసి తీసేయాలి. పగిలిన ఫైబర్‌ను గట్టి పొర దొరికేదాకా గ్రైండ్ చేసి, మిల్లీమీటరు మందానికి 12 మిల్లీమీటర్ల చొప్పున ఏటవాలు చెయ్యాలి. తర్వాత గ్లాస్ క్లాత్, ఎపాక్సీ పొరలు. సందులోకి సూదితో రెసిన్ ఎక్కిస్తే చాలనేవాళ్లుంటారు. ఆ సందులో తడి, మట్టి ఉంటే ఎపాక్సీ దేన్ని పట్టుకుంటుంది? స్వతంత్ర సర్వేయర్ చూడకుండా మూయనివ్వకండి.

సమస్య: ముందు అంచున సొట్ట మాత్రమే

సీసం కీల్ అయితే అదృష్టం. అది సొట్టపడుతూ దెబ్బలో కొంత మింగేస్తుంది. సుత్తితో సరిచేసి పుట్టీ పెట్టొచ్చు, మాస్క్ తప్పనిసరి. ఇనుము సొట్టపడదు, దెబ్బను నేరుగా హల్‌కు పంపుతుంది. మెరిసేదాకా గ్రైండ్ చేసి, ఆ గంటలోనే ఎపాక్సీ ప్రైమర్ వెయ్యాలి. ఆలస్యమైతే మళ్లీ తుప్పే.

చుక్కాని కూడా తిప్పి చూడండి. ఒకచోట బిగుసుకుంటే ఇరుసు వంగినట్టు.

పడవను మళ్లీ నీళ్లలోకి దించేముందు ప్రతి నట్టు మీదా, పక్క ఫైబర్ మీదా కలిసేలా నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీసుకోండి. దించిన అరగంటకు, మర్నాడు, మొదటి గట్టిగాలి సెయిలింగ్ తర్వాత పలకలెత్తి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే ఆ నట్టు వదులైనట్టే.