అటక మీది రేడియోలో ఆకాశవాణి మళ్ళీ వినాలంటే

అటక మీద తాతగారి ట్రాన్సిస్టర్ దొరికిందా? పాతసామాన్లవాడికి వేసేయకండి. ముందు వెనక మూత తీసి సెల్లుల గది చూడండి. ఏళ్ళ తరబడి సెల్లులు అందులోనే ఉండిపోతే కారిపోయి స్ప్రింగులకు తెల్లగానో పచ్చగానో చిలుము పట్టేసి ఉంటుంది, నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిచి, బాగా ఆరాక గరుకు కాగితంతో కాస్త రుద్ది కొత్త సెల్లులు వేస్తే చాలా సెట్లు అక్కడికక్కడే పలుకుతాయి. మా ఇంట్లో సెట్టుకు ఉన్న జబ్బు అదొక్కటే. వాల్యూమ్ గరగరమంటుంటే సెట్టు ఆపి ఆ నాబ్‌ను ఓ ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. లోపల బల్బుల్లాంటి గాజు గొట్టాలుండి కరెంటుతో నడిచే పాత వాల్వు రేడియో అయితే మాత్రం ప్లగ్గు పెట్టొద్దు, షాక్ కొట్టే ప్రమాదం ఉంది, మెకానిక్‌కే చూపించండి.

తోలు కవర్లో చిన్న పుస్తకం ఏదైనా కనిపిస్తే భద్రంగా దాచుకోండి, అది రేడియో లైసెన్సు కావచ్చు. ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టాల్సిన రోజులుండేవి. 1980ల్లో ఎత్తేశారు.

ఇక బ్యాండు స్విచ్చి మీడియం వేవ్ (ఎండబ్ల్యూ, MW) మీద పెట్టి హైదరాబాద్ వైపు వాళ్ళు 738 కిలోహెర్ట్జ్ దగ్గర, విజయవాడ వైపు వాళ్ళు 837 దగ్గర ముల్లు మెల్లగా జరపండి. కొన్ని సెట్ల మీద 54, 60, 70 అనే ఉంటుంది, చివర ఒక సున్నా కలుపుకోవాలి. ఈ రెండు అంకెల వెనకా రెండు చరిత్రలున్నాయి: హైదరాబాద్‌లో నిజాం కాలం నాటి దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది, విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది, అంతకుముందు కోస్తా వాళ్ళకు మద్రాసు కేంద్రమే దిక్కు.

సరిగ్గా వినబడకపోతే ఏరియల్ లాగి లాభం లేదు. మీడియం వేవ్‌ను పట్టేది లోపల తీగ చుట్టి ఉన్న నల్లటి ఫెర్రైట్ కడ్డీ, కాబట్టి సెట్టునే నెమ్మదిగా తిప్పండి, ఒక కోణంలో గొంతు స్పష్టమవుతుంది. దగ్గర్లోని ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఆపేయండి, సగం రొద వాటిదే.

స్టేషన్ ఉండాల్సిన చోట మాట లేకుండా ఎడతెగని బుస వస్తుంటే సెట్టును తిట్టకండి. అది డీఆర్ఎం, అంటే డిజిటల్ ప్రసారం కావచ్చు, దాన్ని విప్పి వినిపించడం పాత సెట్ల వల్ల కాదు. కొన్నిచోట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లే మూసేశారు. అప్పుడు ఎఫ్ఎం వెతకండి, లేదా ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ వేసుకోండి, ప్రాంతీయ వార్తలు అందులో దొరుకుతాయి. ప్రైవేటు ఎఫ్ఎంలలో వాళ్ళ సొంత వార్తలు రావు, అనుమతి లేదు, వార్తలు వేయాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవాల్సిందే. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది. జహీరాబాద్ దగ్గర ఉంటే మాత్రం తప్పకుండా ఎఫ్ఎంలో 90.4 పెట్టండి, మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియో అది, చేలో మాట్లాడుకునే తెలుగే అందులో వినిపిస్తుంది.

పొద్దుపోయాక ఒకసారి మళ్ళీ మీడియం వేవ్‌కు రండి. పగలు అందని దూరపు కేంద్రాలు చీకటి పడ్డాక వస్తాయి, ముల్లు వెంట్రుకవాసి చొప్పున జరపాలి. కొన్నాళ్ళు పక్కన పెట్టేట్టయితే సెల్లులు తీసి పెట్టండి.