రోలర్ కోస్టర్‌కు సౌండ్ ఎఫెక్ట్స్ పెట్టే ముందు దాని సొంత చప్పుడు వినండి

గొలుసు రైలును పైకి లాగుతున్నప్పుడు వచ్చే టకటక చప్పుడు ఎక్కినవాళ్ల గుండె దడ పెంచుతుంది. అది బోగీ కింద ఉండే ఇనుప నాలుక, ట్రాక్ మధ్యలోని పళ్ల మీద ఒక్కొక్కటిగా పడే చప్పుడు. గొలుసు తెగినా రైలు వెనక్కి జారకుండా పట్టుకునేది ఆ నాలుకే. గొలుసు ఒకే వేగంతో నడుస్తున్నప్పుడు టక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమంగా ఉండాలి. మధ్యలో ఒకటి తప్పిపోతే నాలుక స్ప్రింగ్ పట్టు వదిలిందా, పన్ను అరిగిందా అని చూడాలి. ఈ చప్పుడును మింగేసే ఎఫెక్ట్ ఎంత గొప్పగా ఉన్నా పనికిరాదు.

అందుకే పొద్దున పరీక్ష రౌండ్లు స్పీకర్లు ఆపేసి చేయండి. ముందు ట్రాక్ వెంట నడిచి బోల్టులు, వెల్డింగ్ అతుకులు, గొలుసు బిగువు చూడండి. తర్వాత మాన్యువల్‌లో చెప్పినన్ని సార్లు ఖాళీ రైలు తిప్పండి. ఒకరు స్టేషన్‌లో, ఇంకొకరు లిఫ్ట్ (గొలుసు రైలును పైకి లాగే ఎత్తు) దగ్గర కంచె బయట నిలబడి వినాలి. చక్రం చుట్టు చుట్టుకూ దబ్‌దబ్‌మని కొడితే దాని పాలీయురేథేన్ పొర ఒకచోట చదునైందన్నమాట. రాత్రంతా బరువు మోస్తూ ఒకేచోట ఆగిన చక్రం మొదటి కొన్ని రౌండ్లు ఇలాగే కొట్టి సర్దుకుంటుంది. సర్దుకోకపోతే చక్రం మార్చాల్సిందే. ఎడతెగని కీచు వస్తే బేరింగ్‌ను అనుమానించండి. బ్రేకుల దగ్గర ఆగకుండా 'స్స్స్' అంటుంటే గాలి లీకవుతోంది. చాలా రైడ్లలో బ్రేకును మూసేది స్ప్రింగ్, తెరిచేది గాలి. కాబట్టి గాలి పోతే బ్రేకు పట్టేస్తుంది. ప్రమాదం తప్పుతుంది కానీ, రైలు మధ్యలో నిలిచిపోయి అందరినీ మెట్ల మీదుగా దించాల్సి వస్తుంది.

ఇక వైరింగ్. ట్రాక్‌ను బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకులో ఒక్క రైలే ఉండేలా చూసేది భద్రతా పీఎల్‌సీ, అంటే రైడ్‌ను నియంత్రించే పారిశ్రామిక కంప్యూటర్. సౌండ్ ప్లేయర్‌కు దానితో సంబంధం ఒకవైపే ఉండాలి: పీఎల్‌సీ నుంచి రిలే (విద్యుత్తుతో పనిచేసే స్విచ్) ద్వారా సమాచారం రావాలి, తిరిగి అటు ఏదీ పోకూడదు. బ్లాక్ సెన్సార్ వైరుకే సమాంతరంగా ఇంకో వైరు కలిపి సౌండ్‌కు వాడుకోవాలన్న ఆలోచన అసలు వద్దు. యాంప్లిఫయర్ వైపు షార్ట్ అయితే ఆ సెన్సార్ తప్పు చెబుతుంది. సౌండ్ కోసం విడిగా సెన్సార్లు పెట్టుకోండి. వాటిని ఎక్కడ బిగించాలో తయారీదారుతో ఖాయం చేసుకోండి.

రిలే తర్కం ఇలా ఉండాలి. 'రైడ్ బాగుంది' అనే సిగ్నల్ ఉన్నంతసేపే ఎఫెక్ట్స్ మోగాలి. సిగ్నల్ పోయిన క్షణమే నిశ్శబ్దం కావాలి. అప్పుడు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కినా, వైరు తెగినా ఫలితం ఒకటే. ప్రకటనల మైకుకు మాత్రం వేరే యాంప్లిఫయర్, బ్యాటరీ బ్యాకప్ ఉండాలి.

టైమింగ్‌లో ఎక్కువగా జరిగే తప్పు లిఫ్ట్ పైనుంచి టైమర్ పెట్టి అంతా లెక్కగట్టడం. చలి పొద్దున గ్రీజు గట్టిపడి రైలు నెమ్మదిస్తుంది. ఎండ ఎక్కి, సీట్లు నిండేసరికి వేగం పుంజుకుంటుంది. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. అర సెకను తేడా వస్తే పిడుగు శబ్దం 10 మీటర్లు అవతల పడుతుంది. ప్రతి ఎఫెక్ట్‌కూ దగ్గర్లోనే సెన్సార్ పెట్టండి. 12 మీటర్ల రైలు అదే వేగంతో ఒక స్పీకర్‌ను దాటడానికి 0.6 సెకను పడుతుంది. శబ్దం అంతకంటే పొట్టిగా ఉంటే ముందు వరుసకు వినిపించింది వెనక వరుసకు అందదు.

స్పీకర్లను, పొడుగాటి మనిషి చేతులు చాచినా అందనంత దూరంలో, రైలు చుట్టూ ఖాళీగా ఉంచాలని రైడ్ డ్రాయింగుల్లో చూపిన హద్దుకు బయట బిగించాలి. కోస్టర్ నిర్మాణం రోజంతా అదురుతూనే ఉంటుంది. మామూలు నట్లు వదులవుతాయి. లాక్ నట్ వేసి, విడిగా స్టీల్ తాడు కూడా కట్టండి. బ్రాకెట్ ఊడినా ఆ తాడు స్పీకర్‌ను ట్రాక్ మీద పడనివ్వదు. నిర్మాణానికి సొంతంగా రంధ్రాలు వేయడం, వెల్డింగ్ చేయడం వద్దు.

స్టేషన్‌లో సంగీతం తక్కువగా ఉండాలి. ఆపరేటర్లు అక్కడే పూటంతా ఉంటారు. 8 గంటల పనికి 85 డెసిబెల్స్ దాటకూడదన్నది అమెరికాలో పనిచోటి భద్రత, ఆరోగ్యంపై పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫారసు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. ల్యాప్ బార్లు (ఒడి మీదికి దిగి మనిషిని సీట్లో పట్టి ఉంచే కడ్డీలు) సరిచూసేటప్పుడు ఒకరి మాట ఇంకొకరికి కేకలు పెట్టకుండా వినపడాలి. హైడ్రాలిక్ బార్లు క్లిక్‌మనవు. చెవిని నమ్మకుండా ప్రతి బార్‌నూ చేత్తో పైకి లాగి చూడాల్సిందే.

జనాన్ని ఎక్కించే ముందు చివరి పరీక్ష ఒకటి చేయండి. మనుషులకు బదులు నీళ్లు నింపిన బొమ్మలను కూర్చోబెట్టిన రైలు లిఫ్ట్ ఎక్కుతుండగా, అన్నిటికంటే పెద్ద ఎఫెక్ట్ మోగే వేళ ఎమర్జెన్సీ స్టాప్ నొక్కండి. ఆగిన చోట లిఫ్ట్ మెట్ల మీద, చివరి వరుస పక్కన ఒక మెకానిక్‌ను నిలబెట్టి, మైకులో చెప్పిన మాటలు వినపడినవి వినపడినట్టు రాయించండి. ఒక్క మాట తప్పినా స్పీకర్ల దిశ మార్చి మళ్లీ మొదటినుంచి చేయండి.