ఏటీవీ క్లచ్ నట్టు: విప్పడానికి, బిగించడానికి ఏ పనిముట్లు కావాలి

ఏటీవీ (మట్టి దారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) క్లచ్ నట్టు కదలకపోతే చాలామంది ముందు వెతికేది ఇంకా పొడుగు రాడ్డు. నట్టుతో పాటు షాఫ్టు కూడా గిర్రున తిరిగిపోతుంటే ఎంత పొడుగు రాడ్డు వేసినా దండగే. అందుకని డబ్బు ముందు క్లచ్‌ను కదలకుండా పట్టే హోల్డర్ మీద పెట్టండి. తర్వాత సరిగ్గా కూర్చునే సాకెట్, ఆ తర్వాత టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచేది). రాడ్డు చివర్న చూసుకోవచ్చు.

ముందు మీ ఇంజన్‌లో క్లచ్ ఎక్కడుందో తేల్చుకోండి. హైదరాబాద్ శివారు రిసార్టుల్లో, అడ్వెంచర్ పార్కుల్లో తిరిగే చిన్న బళ్లలో ఎక్కువగా కనిపించేది చైనా 110 సీసీ అడ్డ ఇంజన్. పాత హోండా కబ్ ఇంజన్‌కు అది నకలు. అందులో సెంట్రిఫ్యూగల్ క్లచ్ (ఇంజన్ వేగం పెరిగితే వెయిట్లు బయటికి విచ్చుకుని తానే పట్టే క్లచ్) నేరుగా క్రాంక్ మీదే, అంటే పిస్టన్ తిప్పే షాఫ్టు మీదే ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్ల దగ్గర ఉండే హోండా రాంచర్, ఫోర్‌ట్రాక్స్ లాంటి వాటిలో మామూలుగా రెండు క్లచ్‌లుంటాయి: క్రాంక్ మీద సెంట్రిఫ్యూగల్, గేర్‌బాక్స్ మెయిన్ షాఫ్టు మీద గేర్లు మార్చే ప్లేట్ల క్లచ్. ఈ రెంటికీ హోల్డర్ వేరు, నట్టు వేరు, కొన్నిసార్లు తిప్పే దిక్కూ వేరు.

తిప్పే దిక్కు

రాంచర్ తరగతి హోండాల్లో సెంట్రిఫ్యూగల్ క్లచ్ నట్టుది ఎడమ థ్రెడ్, గ్యారేజీ భాషలో ఉల్టా థ్రెడ్. అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. దాని పక్కనే ఉన్న ప్లేట్ల క్లచ్ నట్టు మాత్రం మామూలు థ్రెడ్డే. ఇది చూసుకోకుండా ఇంపాక్ట్ గన్ (కుదుపు దెబ్బలతో నట్టు తిప్పే మెషిన్) పెట్టి ఊడదీయబోతే నట్టు ఇంకా బిగుసుకుంటుంది, లేదా థ్రెడ్ చీరుకుపోతుంది. నట్టు మీద బాణం గుర్తు గానీ, ఎల్ అక్షరం గానీ ఉందేమో చూడండి. ఏదీ లేకపోతే షాఫ్టు చివర బయటికి కనిపించే రెండు మూడు చుట్లను టార్చి వేసి గమనించండి. షాఫ్టును నిలువుగా పట్టుకున్నట్టు ఊహించుకుంటే కుడి చేతివైపు ఎక్కుతూ పోయేది మామూలు థ్రెడ్, ఎడమవైపు ఎక్కేది ఉల్టా.

టార్క్ రెంచ్ కొనేటప్పుడు చాలామంది దెబ్బతినేది కూడా ఇక్కడే. తల మీద అటూ ఇటూ మార్చే మీట ఉన్నంత మాత్రాన రెంచ్ రెండు వైపులా కొలుస్తుందని నమ్మకండి. చౌక క్లిక్ రెంచ్‌లలో (పెట్టిన టార్క్ రాగానే క్లిక్‌మనే రకం) చాలావాటికి ఆ మీట కేవలం రాట్చెట్ కోసమే, కొలత మాత్రం కుడివైపుకే. అలాంటిదానితో ఉల్టా నట్టు బిగిస్తే క్లిక్ ఎప్పటికీ రాదు, మీరు లాగుతూనే ఉంటారు. కొట్లోనే అడగండి. ఇంటికి తెచ్చాక తక్కువ సెట్టింగ్ పెట్టి, వైస్‌లో బిగించిన పెద్ద బోల్టు మీద ఎడమవైపుకు లాగి క్లిక్ వస్తోందో లేదో చూడండి.

హోల్డర్

సెంట్రిఫ్యూగల్ క్లచ్ దగ్గర ఒక మెలిక ఉంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆ క్లచ్ డ్రమ్ముకు, క్రాంక్‌కు పట్టు ఉండదు. కాబట్టి గేర్ వేసి బ్రేక్ తొక్కినా, గేరు పళ్ల మధ్య రాగి ముక్క ఇరికించినా క్రాంక్ ఆగుతుందన్న నమ్మకం లేదు. వన్‌వే బేరింగ్ ఉన్నవాటిలో ఒక దిక్కుకు పట్టినా రెండో దిక్కుకు జారుతుంది. పట్టుకోవాల్సింది క్రాంక్‌తో పాటు తిరిగే భాగాన్ని, అంటే వెయిట్లు బిగించి ఉన్న ప్లేటును. దాని రంధ్రాల్లోకి దూరే పిన్నుల హోల్డర్ తీసుకోండి. పిన్నుల మధ్య దూరం సర్దుకునే రకమైతే రెండు మూడు మోడళ్లకు పనికొస్తుంది. పిన్ను వదులుగా కాకుండా రంధ్రంలోకి నిండుగా దిగాలి.

ఎడమవైపు మాగ్నెట్ ఫ్లైవీల్‌ను పట్టీ హోల్డర్‌తో పట్టి ఇటువైపు నట్టు విప్పడం 110 సీసీలో సరిపోతుంది. పెద్ద ఇంజన్లలో వద్దు. ఆ మెలి అంతా క్రాంక్ పిన్ను గుండా పోతుంది, ఆ పిన్ను ప్రెస్ చేసి కూర్చోబెట్టినది. ప్లగ్ రంధ్రంలోంచి తాడు దూర్చి పిస్టన్‌ను ఆపడం కూడా అందుకే వద్దు.

ప్లేట్ల క్లచ్‌లో నట్టు పట్టి ఉంచేది క్లచ్ సెంటర్‌ను, అంటే షాఫ్టుతో పాటు తిరిగే లోపలి భాగాన్ని. స్ప్రింగులు తీసేశాక బయటి గిన్నెను, అంటే హౌసింగ్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నా సెంటర్ తిరుగుతూనే ఉంటుంది. ప్లయర్ లాగా ఉండే యూనివర్సల్ హోల్డర్ దీనికి పనికొస్తుంది గానీ, అల్యూమినియం సెంటర్ పళ్ల మీద దాని మొన ఒక్క చోటే ఆనితే పన్ను విరుగుతుంది. రెండు దవడలూ గాడి పొడవునా ఆనాలి. అంతకన్నా మంచిది సొంతంగా చేసుకునేది: అదే మోడల్‌కు చెందిన పాత స్టీల్ ప్లేట్లు రెండింటిని ఒకదాని మీద ఒకటి పెట్టి, అర మీటరు పొడవు ఇనప పట్టీకి వెల్డింగ్ చేయించండి. ప్లేటు లోపలి పళ్లు సెంటర్ గాళ్లన్నిటిలోకీ ఒకేసారి దిగుతాయి, బరువు చుట్టూ సమంగా పంచుకుంటుంది. ఎలాగూ తుక్కులో పడేసే ప్లేట్లే కాబట్టి వెల్డింగ్ కూలి తప్ప ఖర్చు లేదు.

సాకెట్

చిన్న ఇంజన్లలో నట్టు గుండ్రంగా, నాలుగు గాళ్లతో ఉంటుంది. దానికి నాలుగు పళ్ల సాకెట్ కావాలి. 20×24 అని అమ్మేదానిలో పళ్ల లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 24 మి.మీ. స్ప్లెండర్ తరగతి బళ్లకు వాడే సాకెట్ ఇదే. రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో తేలిగ్గా దొరుకుతుంది, చైనా 110 ఇంజన్లు చాలావాటికి సరిపోతుంది. అయినా వెర్నియర్‌తో కొలిచాకే కొనండి. కొత్త సాకెట్‌ను నట్టు మీద పెట్టి అటూ ఇటూ ఊపి చూడండి. ఆట ఎక్కువగా ఉన్నా, పన్ను గాడి అడుగుదాకా దిగకపోయినా కొట్టుకు తిరిగిచ్చేయండి.

ఉలి పెట్టి సుత్తితో కొట్టి నట్టు తిప్పడం రోడ్డు పక్క షెడ్లలో రోజూ కనిపిస్తుంది. నట్టు వస్తుంది, కాదనను. కానీ గాడి అంచు పుట్టగొడుగులా విచ్చుకుని మరోసారి సాకెట్ పట్టదు, ఆ దెబ్బలు బేరింగు దాకా పోతాయి. పైగా బిగించేటప్పుడూ అదే ఉలి వాడతారు, ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు.

ఆరు మూలల నట్టయితే ఆరు మూలల సాకెట్టే వాడండి, పన్నెండు మూలలది వద్దు. క్లచ్ నట్టు పలచగా ఉంటుంది. సాకెట్ మూతి దగ్గర ఉండే లోపలి వాలు వల్ల నట్టులో కొంత భాగానికి పట్టే దొరకదు. మూతిని గ్రైండర్ మీద చదునుగా రుద్దితే ఆ వాలు పోయి నట్టు నిండా పట్టు దొరుకుతుంది. ఇంపాక్ట్ సాకెట్ గోడ మందంగా ఉంటుంది గనక క్లచ్ సెంటర్ లోపలికి దిగుతుందో లేదో బయటి వ్యాసం కూడా కొలవండి.

విప్పడం

ఆయిల్ దింపి, కవర్ తీసి, నట్టు కింద ఇంజన్‌లోకి దారి ఉన్న చోటల్లా పోగులు రాలని గుడ్డ కుక్కండి. తర్వాత నట్టుకు తాళం ఎలా పడిందో చూడండి. నాలుగు గాళ్ల నట్టయితే లాక్ వాషర్ నాలుక ఒకటి గాడిలోకి వంగి ఉంటుంది, దాన్ని పూర్తిగా వెనక్కి చదును చేయండి. పెద్ద హోండాల్లో నట్టు అంచునే షాఫ్టు గాడిలోకి గుద్ది ఉంచుతారు. ఆ గుద్దిన చోటును సన్న ఉలితో పైకి లేపండి, లేదా చిన్న గ్రైండర్ బిట్టుతో పలచన చేయండి. షాఫ్టు థ్రెడ్‌కు మాత్రం బిట్టు తగలకూడదు. ఆ అంచు లేపకుండానే లాగితే అది థ్రెడ్డును గీసుకుంటూ వస్తుంది. రాలిన లోహపు పొడిని అయస్కాంతంతో తీసేయండి.

అర అంగుళం డ్రైవ్, అర మీటరు పైగా పొడవున్న బ్రేకర్ బారు (మొదట చెప్పిన రాడ్డు) చాలు. బ్యాటరీ ఇంపాక్ట్ గన్ విప్పడానికి బాగా పనికొస్తుంది, హోల్డర్ మీద బరువు కూడా తగ్గుతుంది. బిగించడానికి మాత్రం దాన్ని ముట్టుకోకండి.

నట్టు వచ్చాక సెంట్రిఫ్యూగల్ క్లచ్ చేతికి రాకపోతే దాన్ని షాఫ్టు మీంచి లాగే పుల్లరే తెచ్చుకోండి. వెనక నుంచి రెండు స్క్రూడ్రైవర్లతో లేపితే ప్లేటు వంగుతుంది, కేసింగు అంచు పగులుతుంది.

బిగించడం

రాంచర్ తరగతిలో ఈ నట్లకు వంద న్యూటన్ మీటర్లు దాటిన టార్క్ కావాలి, చిన్న ఇంజన్లలో అందులో సగం, అంతకన్నా తక్కువ కూడా ఉంటుంది. అంకె మాత్రం మీ మోడల్ మాన్యువల్ నుంచే తీసుకోండి. క్లిక్ రెంచ్ తన పరిధి అడుగు కొసన నమ్మకంగా కొలవదు. పెద్ద నట్టుకు 40–200, చిన్న నట్టుకు 20–110 న్యూటన్ మీటర్ల పరిధి ఉన్నది తీసుకుంటే మీకు కావాల్సిన అంకె మధ్యలో పడుతుంది.

యూనిట్లు కలగాపులగం చేయకండి. ఒక కిలోగ్రామ్ ఫోర్స్ మీటర్ అంటే 9.8 న్యూటన్ మీటర్లు, ఒక ఫుట్ పౌండ్ అంటే 1.356. అమెరికా మాన్యువల్‌లో 80 ఫుట్ పౌండ్లని చూసి రెంచ్ మీద 80 న్యూటన్ మీటర్లు పెడితే, బిగువు నాలుగో వంతు పైగా తగ్గిపోతుంది. ఆ నట్టు నడుస్తూ నడుస్తూ వదులై, క్లచ్ సెంటర్ షాఫ్టు స్ప్లైన్ల (పొడుగు పళ్ల) మీద కొట్టుకోవడం మొదలెడుతుంది. మొదట తెలిసేది ఐడిల్‌లో టకటక, తర్వాత ఆయిల్‌లో మెరిసే పొడి.

నేరుగా ముందుకు పొడుచుకొచ్చే క్రోఫుట్ (స్పానర్ తల లాంటి ముక్క) రెంచ్‌కు తగిలిస్తే లెక్క మారుతుంది. పిడి మధ్య నుంచి తల దాకా 450 మి.మీ., అదనపు ముక్క 50 మి.మీ. అయితే 108 కావాలంటే 108×450÷500, అంటే సుమారు 97 పెట్టాలి. అదే ముక్కను తొంభై డిగ్రీల్లో అడ్డంగా పెడితే మార్పు అక్కర్లేదు. సాకెట్‌కు వేసే నిలువు ఎక్స్‌టెన్షన్‌తో కూడా లెక్క మారదు.

గుద్ది ఉంచిన నట్టును మళ్లీ వాడకండి, కొత్తది వేయండి. వంగిన లాక్ వాషర్ నాలుక రెండోసారి వంచితే విరుగుతుంది, అదీ కొత్తదే. గిన్నెలా వంపు ఉన్న వాషర్ మీద అవుట్‌సైడ్ అన్న ఇంగ్లీషు అక్షరాలుంటే అవి మీకు కనిపించేలా పెట్టండి. మాన్యువల్ థ్రెడ్‌కు ఆయిల్ రాయమంటే నట్టు ఆనే ముఖానికీ రాయండి. పొడిగా బిగించమంటే పొడిగానే. ఆయిల్ రాసిన థ్రెడ్ మీద అదే టార్క్‌కు షాఫ్టు మరింత సాగుతుంది.

ముందు చేత్తో మూడు చుట్లు తిప్పి మర సరిగ్గా పట్టిందో చూసుకోండి. తర్వాత హోల్డర్ తగిలించి సగం టార్క్ దాకా ఒకసారి, పూర్తి టార్క్‌కు రెండోసారి నెమ్మదిగా లాగండి. గాడి, వాషర్ నాలుక ఎదురెదురు రాకపోతే కొంచెం ముందుకే బిగించాలి, వెనక్కి వదలకూడదు. గుద్దే రకమైతే షాఫ్టు గాడికి ఎదురుగా, గుండ్రని మొన ఉన్న పంచ్‌తో అంచు గాడి అడుగు దాకా దిగేలా గుద్దండి. పదును మొన పంచ్ అంచును చీల్చేస్తుంది.

స్కూటర్ లాంటి బెల్టు ఇంజన్ ఉన్న ఏటీవీల్లో ఒక జాగ్రత్త వేరే ఉంది. ముందు పుల్లీ బిగించేటప్పుడు బెల్టు అంచు రెండు ముఖాల మధ్య ఇరుక్కుంటే, రెంచ్ క్లిక్ అంటుంది గానీ పుల్లీ బుష్షును ఆనుకోదు. కాసేపు నడవగానే నట్టు వదులవుతుంది. వెనక పుల్లీని చేత్తో విప్పార్చి బెల్టును లోపలికి నొక్కి, ముందు వైపు వదులు తెచ్చుకున్నాకే నట్టు బిగించండి.