పని తెలిసినా పేరు తెలియని అభ్యర్థి: గెలుపు లెక్క ఎలా వేయాలి

జిల్లా పరిషత్తులో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి, ఫైలు ఎక్కడ ఆగిందో, ఏ ఇంజినీరును అడగాలో తెలిసిన మనిషి, ఎమ్మెల్యే టికెట్ అడిగితే వెంటనే వచ్చే మాట ఒకటే: "మంచోడే గానీ జనానికి తెలియదు." ఈ మాట నిజమో కాదో కొలవవచ్చు. కొలవకుండా పక్కన పెట్టడం అన్యాయం. కొలవకుండా టికెట్ ఇవ్వడం పార్టీకి నష్టం.

ముందుగా గాలిని, మనిషిని విడదీయాలి. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 2019లో పదికి పది సీట్లు ఒక పార్టీకి వెళ్తే, 2024లో పదికి పదీ ఎదుటి పార్టీకి వెళ్లాయి. నెల్లూరు సిటీలో 2019లో రెండు వేల లోపు ఓట్లతో ఓడిన అభ్యర్థే 2024లో డెబ్భై వేలకు పైగా తేడాతో గెలిచారు. అలాంటి గాలిలో అభ్యర్థి సొంత బలం ఎంతో పైకి కనపడదు. కానీ అదే 2024లో ప్రకాశం జిల్లా దర్శిలో తేడా రెండున్నర వేల లోపే. అక్కడ మనిషే లెక్క.

సొంత బలం చూడాలంటే ఫారం 20 తీయండి. బూత్‌ల వారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకే రోజు పోలింగ్ జరుగుతుంది కాబట్టి ఒకే బూత్‌లో ఒకే పార్టీకి పడిన రెండు ఓట్లనూ పక్కపక్కన పెట్టండి. అసెంబ్లీకి 412, ఎంపీకి 371 పడితే ఆ 41 అసెంబ్లీ అభ్యర్థి సొంతం అనుకోవచ్చు. అయితే ఎంపీ అభ్యర్థి బలహీనుడైనా ఇలాంటి తేడా వస్తుంది. ఒంగోలు లోక్‌సభ కింద ఉన్న ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలోనూ అదే తేడా కనిపిస్తే అది ఎంపీ అభ్యర్థి వల్ల వచ్చినది, దాన్ని తీసేయండి. పోస్టల్ బ్యాలెట్లు చివర విడిగా ఉంటాయి, బూత్ లెక్కలో కలపకండి. బూత్ నంబర్లు ఎన్నికకూ ఎన్నికకూ మారతాయి. అందుకే ఊరు, బడి పేరు చూసి జత చేయాలి. నంబరు నమ్మితే లెక్కంతా తప్పుతుంది.

2021 జడ్పీటీసీ, ఎంపీటీసీ ఫలితాలను మాత్రం దీనికి వాడకండి. అప్పుడు ప్రధాన ప్రతిపక్షం బహిష్కరణ ప్రకటించింది. సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు కాబట్టి అవీ ఇందుకు పనికిరావు.

ఇక అసలు పని, ఇంటింటి సర్వే. ఉదాహరణకు దర్శి తీసుకుందాం: దర్శి, ముండ్లమూరు, తాళ్లూరు, దొనకొండ, కురిచేడు. ఈ అయిదు మండలాల బూత్‌లన్నీ వరుసగా రాసుకుని, సమాన దూరంలో 20 ఏరండి. 260 బూత్‌లుంటే ప్రతి 13వది. ఒక్కో బూత్‌లో 20 ఇళ్లు, మొత్తం 400. ఇలా గుంపులుగా తీసిన నమూనాలో ఆరేడు శాతం అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మూడు శాతం ఆధిక్యం చూసి సంబరపడొద్దు. మండలానికి 80 ఇళ్లే వస్తాయి, అక్కడ పది పన్నెండు శాతం తేడా కూడా నమ్మదగింది కాదు.

బస్టాండు సెంటర్ నుంచి మొదలుపెడితే సర్వే చేసే కుర్రాళ్లు పెద్ద బజారు దాటి పోరు. ఒక బూత్‌లో ఎస్సీ కాలనీ చివర నుంచి, ఇంకో బూత్‌లో ఊరి తూర్పు నుంచి మొదలుపెట్టించి, ప్రతి పదో తలుపు తట్టించండి. మిరప కోతలప్పుడు, పొగాకు పనులప్పుడు ఆడవాళ్లు పొద్దున్నే కూలికి వెళ్తారు. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లకపోతే మీకు దొరికేది రచ్చబండ మీద మగవాళ్ల అభిప్రాయమే. సర్వేకు వెళ్లేవాళ్ల మెడలో పార్టీ కండువా ఉండకూడదు. ఓటు ఇక్కడ, బతుకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లు ఇంటికి ఎందరో కూడా రాయించండి. పడమటి ప్రకాశంలో ఆ సంఖ్య చిన్నది కాదు, పోలింగ్ రోజు వచ్చే బస్సుల్లో వాళ్లే ఉంటారు.

ప్రశ్నల వరుస మారిస్తే జవాబులూ మారతాయి. మొదట ఏ పేరూ చెప్పకుండా "ఎమ్మెల్యేగా ఎవరు నిలబడితే బాగుంటుంది?" అని అడగాలి. తర్వాత పేరు చెప్పి తెలుసా అనాలి. తెలియదంటే ఊరు పేరు, ఇంటిపేరు కలిపి మళ్లీ చెప్పాలి, చాలామందికి మనుషులు అలాగే గుర్తుంటారు. తెలుసన్నవాళ్లను "ఆయన చేసిన పని ఒకటి చెప్పండి" అని అడిగి, ఆ తర్వాతే మంచా చెడా అడగాలి. చివరగా ఆయన గురించి రెండు వాక్యాలు, ఎదుటివారి గురించి కూడా అంతే న్యాయంగా రెండు వాక్యాలు చదివి ఓటు ఎవరికో అడగాలి. మనవాడి గురించే చదివితే అందరూ తల ఊపుతారు.

400 మందిలో 112 మందికి తెలిసి, వారిలో 78 మంది మంచివాడంటే, ఆ మనిషికి తిరగడానికి ఆరు నెలలు ఇవ్వవచ్చని మా అభిప్రాయం. 300 మందికి తెలిసి 150 మంది వద్దంటే, ఎన్ని ఫ్లెక్సీలు కట్టినా మారదు. అన్నిటికన్నా ముఖ్యం మూడో ప్రశ్న. సాగర్ కాలువ చివరి భూములకు నీళ్లు తెప్పించాడనో, ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టించాడనో ఎవరూ చెప్పలేకపోతే, ఆ అనుభవం ఆఫీసులకే తెలుసు, ఓటరుకు చేరలేదు.

అమెరికాలో పార్టీలు అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే పోటీల్లోనూ ఇదే తేలింది. ముప్పై అయిదేళ్లు సెనేటర్‌గా ఉన్న బైడెన్‌కు 2008లో అయోవా రాష్ట్రంలో ఒక్క శాతం దగ్గరే వచ్చింది, ఆ రాత్రే తప్పుకున్నారు. 1976లో దేశానికి పెద్దగా తెలియని కార్టర్ ఏడాది ముందు నుంచే అయోవాలో మనిషి మనిషినీ కలిసి, పోటీలో ఉన్న అభ్యర్థులందరి కంటే ముందు నిలిచారు. అక్కడ పార్టీ అభ్యర్థిని ఓటర్లు తేలుస్తారు, మన దగ్గర అధిష్టానం తేలుస్తుంది. అందుకే మన లెక్క ఐవీఆర్‌ఎస్ ఫోన్లు (రికార్డు చేసిన గొంతుతో అభ్యర్థుల పేర్లు చెప్పి, మీట నొక్కించి అభిప్రాయం తీసుకునే పార్టీ ఫోన్లు) మొదలయ్యే ముందే అధిష్టానానికి చేరాలి. ఆ ఫోనులో పేరు ఒక్కసారి వినిపిస్తుంది, మీట నొక్కేది ఎక్కువగా ఇంటి మగవాడు. తెలిసిన పేరుకే లాభం.

నలభై అయిదు రోజులు తిరిగాక అవే 20 బూత్‌లలో వేరే ఇళ్లకు మళ్లీ వెళ్లండి. తెలిసినవాళ్లు పెరిగి, వారిలో మంచివాడనేవాళ్ల వాటా నిలబడితే ఆ రెండు పట్టికలే పట్టుకెళ్లి టికెట్ అడగండి. తెలిసినకొద్దీ వాటా తగ్గుతుంటే ఆయన్ను అసెంబ్లీకి నిలబెట్టకండి.