జైసల్మేర్‌లో పొద్దున టిఫిన్: రుచి కింద, చూపు పైన

బెంగళూరులో మా మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో సగం మంది మన తెలుగువాళ్లే. డిసెంబరు సెలవులొస్తే ఎవరో ఒకరు రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్‌కి టికెట్లు తీస్తారు. ఒంటె, ఇసుక, కోట అన్నీ ముందే ఫోన్లో చూసేసుకుంటారు. బయల్దేరే ముందు నా తలుపు కొట్టి అడిగేది మాత్రం ఒకటే: "అక్కా, అక్కడ పొద్దున్నే ఏం తినాలి? ఇడ్లీ దొరుకుతుందా?"

దొరుకుతుంది. తినకండి. దేశానికి ఆ చివరిదాకా పోయి, గట్టిపడ్డ ఇడ్లీని తీపి సాంబారులో ముంచుకుని, "మన దర్శినీయే (బెంగళూరులో నిలబడి తినే టిఫిన్ హోటలే) నయం" అని నిట్టూర్చే వాళ్లను చాలామందిని చూశాను. అక్కడి వాళ్లు పొద్దున్నే ఏం తింటారో అది తింటే ఏ గొడవా ఉండదు.

ముందు గది సంగతి. బ్రేక్‌ఫాస్ట్ కలిపిన గది తీసుకోవద్దు. చాలా హోటళ్లలో అది బ్రెడ్డు, జామ్, మూత కింద చెమటపట్టిన పోహా, అంటే అటుకుల ఉప్మా. డబ్బులు కట్టేశాం కదా అని అక్కడే తినేస్తారు, బజారుకి వెళ్లేసరికి కడుపులో చోటుండదు. జైసల్మేర్‌లో టిఫిన్‌కి నేను పెట్టుకున్న లెక్క ఇదీ: రుచి కోట కింద బజారులో ఉంది, చూపు మేడల మీద ఉంది. రెండూ ఒకేచోట దొరకవు. కాబట్టి కింద తినండి, పైన టీ తాగండి.

రెండోది, టైము. గడియారం దేశమంతా ఒకటే గానీ సూర్యుడు ఆ పడమటి మూలకి తాపీగా వస్తాడు. జనవరి మొదట్లో బెంగళూరులో ఆరూ నలభైకల్లా తెల్లారిపోతే, అక్కడ ఏడున్నర అవుతుంది. ఆరింటికే దర్శిని ముందు నిలబడి ఒక కాఫీని ఇద్దరు పంచుకుని బైటూ తాగే మనకి అది పెద్ద పరీక్ష. టీ బండ్లు చీకట్లోనే వెలుగుతాయి. నూనె బాణలి వేడెక్కడానికి మాత్రం చలికాలంలో ఎనిమిది దాటాలి. మా ఆయనకి షుగరు. అందుకని పొద్దున మాత్ర వేసుకునే వాళ్లకి అరటిపండో, నాలుగు బిస్కెట్లో ముందురోజు రాత్రే కొని గదిలో పెట్టుకోమని చెబుతాను. జోధ్‌పూర్ నుంచి రాత్రి రైల్లో వచ్చి తెల్లవారకముందే దిగేవాళ్లకి ఇది మరీ అవసరం. ఆ వేళకి స్టేషన్లో టీ తప్ప పెద్దగా ఏమీ నమ్ముకోకూడదు. ఎండాకాలంలో అంతా తలకిందులు. ఆరు కాకముందే తెల్లారుతుంది, తొమ్మిదికల్లా నూనె వాసనే పడదు. అప్పుడు వెళ్లకపోవడమే మంచిది లెండి.

ఇక తిండి. కోట అడుగున గోపా చౌక్ ఉంది. అక్కడినుంచి భాటియా బజారు మీదుగా గాంధీ చౌక్, అమర్‌సాగర్ పోల్ దాటి హనుమాన్ చౌరాహా దాకా నడవండి. మొత్తం కలిపి దూరమేమీ కాదు. ఆ దారే మీ టిఫిన్ హోటలు. ఏ కొట్టు అని అడక్కండి, బాణలి చూసుకోండి. కచోరీలంటే లోపల మసాలా కూరి వేయించిన ఉబ్బు పూరీలు. అవి గాజు పెట్టెలో గుట్టగా పోసి ఉన్న చోట ఆగొద్దు. పళ్లెంలో నాలుగైదే ఉండి, పక్కన ఇంకో వాయి వేగుతూ, ఆటోవాళ్లూ స్కూలు పిల్లలూ మూగి ఉన్న చోట నిలబడండి. కచోరీ సన్న సెగ మీద వేగాలి, తొందరపడితే లోపల పిండి పిండిగా ఉండిపోతుంది. కాబట్టి "ఇంకో ఐదు నిమిషాలు" అన్నాడంటే ఆ కొట్టు మంచిదే. తీసి ఇచ్చేటప్పుడు బొటనవేలితో నడినెత్తిన ఒక్క నొక్కు నొక్కి, ఆ గుంటలో పుల్ల చట్నీ, పచ్చ చట్నీ పోస్తాడు. పెసరపప్పు కచోరీలో సోంపు, ఇంగువ ఘాటుగా తగులుతాయి. ఉల్లి కచోరీ జోధ్‌పూర్ సరుకు, ఇక్కడా దొరుకుతుంది.

మిర్చీ వడా చూస్తే మా కదిరి వాళ్లకి ప్రాణం లేచొస్తుంది. లావుపాటి మిరపకాయలో ఆలుగడ్డ కూరి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. పక్కన పోహా ఒక ప్లేటు పెట్టుకుంటే అచ్చం ఉగ్గాని బజ్జీ జోడీయే. పోహా మీద సన్న కారప్పూస చల్లి, నిమ్మకాయ పిండి ఇస్తారు. పెద్దవాళ్లకి, నూనె పడని వాళ్లకి అదే దిక్కు. ఆలూ పరాటా, పెరుగు కావాలంటే హనుమాన్ చౌరాహా వైపు భోజన హోటళ్లలో కూర్చోవచ్చు. గుడ్డు లేనిదే తెల్లారదనే వాళ్లు ఆమ్లెట్ కోసం మేడమీది కేఫ్‌లకే పోవాలి. బజారులో ఎక్కువ కొట్లు శాకాహారమే.

కానీ నన్నడిగితే జైసల్మేర్‌లో తినాల్సింది దాల్ పకవాన్. ఇది సింధీల టిఫిన్. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సింధ్ ప్రాంతం అక్కడికి ఎంతో దూరం కాదు, సరిహద్దు గీత తర్వాత వచ్చింది గానీ వంటలు అంతకుముందు నుంచే అటూ ఇటూ తిరిగాయి. పకవాన్ అంటే జీలకర్ర వేసి వేయించిన పెద్ద మైదా అప్పచ్చి, ముట్టుకుంటే ఫట్‌మనేలా ఉంటుంది. శనగపప్పుని పలుకు మిగిలేలా ఉడికించి, పసుపు ఉప్పుతో చిక్కగా ఉంచుతారు. కొట్టతను పకవాన్‌ని అరచేత్తో ముక్కలు చేసి, పైన పప్పు గరిటెతో పోసి, చింతపండు చట్నీ, పచ్చిమిర్చి చట్నీ, తరిగిన ఉల్లిపాయ వేసి చేతిలో పెడతాడు. ఫొటోలు తర్వాత. రెండు నిమిషాలు ఆగితే అది మెత్తబడి ముద్దవుతుంది. కారం తక్కువ తినే పిల్లలుంటే పప్పు వేరే గిన్నెలో అడగండి, ఇస్తారు. ప్లేటు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడండి, వీధి మధ్యలో కాదు. అక్కడి ఆవులకి టూరిస్టు చేతిలోని ఆకు దొన్నె ఎంత ఎత్తులో ఉంటుందో బాగా తెలుసు.

ఉల్లి, వెల్లుల్లి తినని పెద్దవాళ్లు భయపడక్కర్లేదు. కోటలోనే శతాబ్దాల నాటి జైన గుళ్లున్నాయి, జైనులు ఆ రెండూ తినరు. ఊళ్లో "జైన్" అన్న ఒక్క మాట అంటే చాలు, అర్థమైపోతుంది. టీ చక్కెర పాకంలా ఉంటుంది, షుగరు వాళ్లు "ఫీకీ చాయ్" (చక్కెర లేని టీ) అనాలి. కాఫీ ఆశ వదులుకోండి. నేను చిన్న స్టీలు ఫిల్టరు, పొడి పొట్లం బట్టల మధ్య చుట్టి పట్టుకెళ్తాను. హోటల్ కుర్రాడు వేడినీళ్లిస్తాడు, పాలు టీ బండి దగ్గర దొరుకుతాయి.

కడుపు నిండాక మేడ. ఇక్కడ చాలామంది కోట లోపలి కేఫ్ ఎంచుకుంటారు. కోటలో కూర్చుంటే కోట కనబడదు కదా! ఊరి మేడలు కనబడతాయి, అంతే. పొద్దుటి ఎండ పడేది తూర్పు గోడల మీద. కాబట్టి కోట ముఖద్వారం వైపు, గడీసర్ చెరువుకి పోయే దారి వైపు ఉన్న మేడ చూసుకోండి. 1156లో రావల్ జైసల్ అనే రాజు మొదలెట్టిన కోట, 99 బురుజులు. తొమ్మిదింటి ఎండకి ఆ పసుపు రాయి తేనె రంగుకి తిరుగుతుంది. అక్కడ టీ ఒక్కటి చెప్పుకుని గంట కూర్చోవచ్చు. పాన్‌కేకులు, మ్యూస్లీ విదేశీయుల కోసం పెట్టినవి, ఒక్కదాని ధరకి కింద ఇద్దరి కడుపు నిండుతుంది.

కోట లోపల తినకపోవడానికి నాకింకో కారణం ఉంది. కుళాయి నీళ్లు లేని కాలంలో, వాన సరిగ్గా పడని ఎడారిలో కట్టిన కోట అది. ఇప్పుడు వేలమంది కాపురముండగా, పైన హోటళ్లూ కేఫ్‌లూ వాడి వదిలే నీరు కింద మట్టిలోకి ఇంకి గోడలు వదులవుతున్నాయి. బురుజులు కూలాయి కూడా. లోపల తిరిగి, గుళ్లు చూసి రండి. ప్లేట్లు కడిగే పని కిందే జరగనివ్వండి.

పిల్లలతో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి: కోట గుమ్మం దగ్గర ప్రభుత్వ అనుమతితో నడిచే భంగు (గంజాయి ఆకుల మత్తు సరుకు) కొట్టుంది. లస్సీ బోర్డు చూసి లోపలికి దూరిపోవద్దు. ఎక్కడైనా "స్పెషల్ లస్సీ" అంటే భంగు కలిపిందేమో అడిగి తెలుసుకోండి, "సాదా" అని నొక్కి చెప్పండి. తాగిన వెంటనే ఏమీ తెలియదు, గంట తర్వాత తెలుస్తుంది.

సమ్ ఇసుకతిన్నెల దగ్గర రాత్రి ఉండే ప్యాకేజీల్లో పొద్దున టిఫిన్ కలిపే ఉంటుంది. పూరీ కూర, పోహా, టీ. దాన్నుంచి పెద్దగా ఆశించకండి, కానీ పెట్టగానే తినేయండి. ఎండెక్కే కొద్దీ గాలి లేస్తుంది, పూరీలో ఇసుక పంటికింద కరకరమంటుంది. సమ్ నుంచి ఊరు నలభై కిలోమీటర్ల పైచిలుకు, అక్కడ సగమే తిని పదింటికల్లా దాల్ పకవాన్ దగ్గరికి వచ్చేయొచ్చు. మాఘ పౌర్ణమికి ఎడారి ఉత్సవం, డిసెంబరు చివరి వారం, ఈ రెండప్పుడూ మాత్రం బజారులో ఎనిమిదిన్నరకే నిలబడాలి.

తీపి కోసం భాటియా బజారులో ధన్‌రాజ్ రాన్‌మల్ భాటియా కొట్టుకి వెళ్లండి. తరతరాల మిఠాయి వ్యాపారం. ఘోటువా లడ్డూ, పంచధారి లడ్డూ, రెండూ జైసల్మేర్ పేరు చెప్పి అమ్ముడయ్యేవే. టిఫిన్ మీద ఒకటి తినండి, మొత్తం కుటుంబానికి డబ్బా కట్టించేముందు ఎన్నాళ్లు నిలవుంటుందో అడగండి. జోధ్‌పూర్‌కి పగటి రైలు ఎక్కేవాళ్లు పప్పు కచోరీలు కట్టించుకోండి, చట్నీలు వేరే కవర్లో వేయమనండి. పకవాన్ మాత్రం కట్టించుకోవద్దు, పొడైపోతుంది.