అమెరికా కాంగ్రెస్ ఆఫీస్‌కి వెళ్లి ఫోస్టర్ కేర్ గురించి మాట్లాడటం ఎలా (నేను రాంగ్ డోర్ కొట్టి నేర్చుకున్నది)

2024 ఎండాకాలంలో మా కాంగ్రెస్‌మన్ (ఇక్కడి పార్లమెంటులో మా ఏరియా ప్రతినిధి) లోకల్ ఆఫీస్‌లో నాకు 15 నిమిషాల అపాయింట్‌మెంట్ దొరికింది. మేం ఫోస్టర్ పేరెంట్స్‌మి, అంటే సొంత ఇంట్లో ఉండలేని పిల్లల్ని ప్రభుత్వం తరఫున కొన్నాళ్లు మా ఇంట్లో చూసుకునేవాళ్లం, మా దగ్గర ఏడేళ్ల బాబు 14 నెలలు ఉన్నాడు, వాడి అమ్మమ్మ 20 మైళ్ల దూరంలోనే ఉంటుంది, నా మనవడిని నాకిచ్చేయండి నేను చూసుకుంటా అని ఆవిడ మొదటి రోజు నుంచీ మొత్తుకుంటూనే ఉంది, కానీ అపార్ట్‌మెంట్‌లో బెడ్‌రూమ్‌లు చాలవని ఒకసారి, ఏదో పేపర్ తక్కువైందని ఇంకోసారి, పిల్లాడిని ఇంట్లో పెట్టుకోవడానికి కావాల్సిన ఆవిడ ఫోస్టర్ లైసెన్స్ మాత్రం తేలలేదు. ప్రతి శనివారం విజిట్‌కి వచ్చినప్పుడు బనానా బ్రెడ్ ఫాయిల్‌లో చుట్టి తెచ్చేది. వాడు సగం తిని మిగతా సగం దిండు కింద దాచుకునేవాడు, సోమవారం మా ఆవిడ దుప్పటి దులిపితే చీమలు. తిట్టబుద్ధి కాదు కదా.

ఇదంతా చెప్తూ చెప్తూ 11 నిమిషాలు తినేశా. నా ఎదురుగా కూర్చున్న స్టాఫర్‌కి పాతికేళ్లు ఉంటాయేమో, అంతా ఓపిగ్గా రాసుకుని, "చాలా బాధగా ఉందండీ, ఇంతకీ మా బాస్ ఏం చేయాలని అడుగుతున్నారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఏదో ఒకటి చేయండి అన్నా, సిగ్గేసింది. పాపం ఆ అమ్మాయే చెప్పింది, లైసెన్స్ రూల్స్ స్టేట్ చేతిలో ఉంటాయి, బంధువుల ఇళ్లకి వేరేగా తేలిక స్టాండర్డ్స్ పెట్టుకోవచ్చని ఫెడరల్ గవర్నమెంట్ 2023 సెప్టెంబర్‌లోనే స్టేట్స్‌కి పర్మిషన్ ఇచ్చేసింది, మీ స్టేట్ దాన్ని వాడుకుందో లేదో అక్కడ అడగండి అని. అలా లైసెన్స్ తీసుకున్న బంధువులకి మామూలు ఫోస్టర్ పేరెంట్స్‌కి ఇచ్చినంత డబ్బూ ఇవ్వాలని కూడా ఆ రూల్‌లోనే ఉందట. నేను లీవ్ పెట్టి, టై కట్టుకుని వెళ్లింది రాంగ్ డోర్ దగ్గరికి అన్నమాట.

అందుకే అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఈ పనికి దిగాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది ఎవరి గుమ్మం అని. జడ్జి, కేస్‌వర్కర్ (పిల్లాడి కేసు చూసే ఉద్యోగి), లైసెన్స్, నెలనెలా వచ్చే చెక్ ఎంత అనేది, ఇవన్నీ స్టేట్ లేదా కౌంటీ వ్యవహారం. ఫెడరల్ వాళ్లది డబ్బు, ఆ డబ్బుతో పాటు వచ్చే షరతులు. ఆ డబ్బులో పెద్ద మూట సోషల్ సెక్యూరిటీ యాక్ట్‌లోని టైటిల్ ఫోర్-ఈ, ఫోస్టర్ కేర్ ఖర్చులో, అడాప్షన్ అసిస్టెన్స్‌లో (దత్తత తీసుకున్న కుటుంబాలకి ఇచ్చే సాయం) వాటా దీన్నుంచే వస్తుంది, 1980 చట్టంతో మొదలైంది. చిన్న మూట టైటిల్ ఫోర్-బీ, కుటుంబం విడిపోకుండా చేసే సర్వీసులకి, దాన్ని 2025 జనవరి మొదటి వారంలో మళ్లీ రెన్యూ చేశారు. షరతులు అంటే ఎలాంటివంటే, పిల్లాడు 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కులు రద్దు చేయమని స్టేట్ కోర్టుకి వెళ్లాలి, ఇది 1997 చట్టం. 2018లో వచ్చిన ఫ్యామిలీ ఫస్ట్ చట్టం అయితే పిల్లాడిని ఇంట్లోంచి తీసేయక ముందే తల్లిదండ్రులకి కౌన్సెలింగ్, డ్రగ్స్ ట్రీట్‌మెంట్ లాంటి వాటికి ఫోర్-ఈ డబ్బు వాడుకోనిస్తుంది. నేటివ్ అమెరికన్ పిల్లలకి 1978 నాటి ప్రత్యేక చట్టం ఉంది, 2023 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని 7-2 తో నిలబెట్టింది. మీ సమస్య వీటిలో ఎక్కడా తగలట్లేదంటే మీరు వెళ్లాల్సింది వాషింగ్టన్ కాదు, మీ స్టేట్ క్యాపిటల్‌కి.

ఫెడరల్ వైపు నిజంగా అడగదగ్గ విషయం ఒకటి చెప్తా, మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లాడి ఖర్చులో ఫెడరల్ వాటా రావాలంటే, వాడిని ఏ ఇంట్లోంచి తీసుకొచ్చారో ఆ ఇల్లు 1996 జూలై 16 నాటి ఏఎఫ్‌డీసీ అనే పాత వెల్ఫేర్ ప్రోగ్రామ్ లెక్క ప్రకారం పేదది అయి ఉండాలి. ఆ ప్రోగ్రామ్‌ని 1996లోనే ఎత్తేశారు! ప్రోగ్రామ్ పోయింది గానీ దాని ఇన్‌కమ్ లిమిట్ మాత్రం దెయ్యంలా పట్టుకుని ఉంది, ధరలు పెరిగినా అది పెరగదు. కాబట్టి ఏటికేడు ఆ లెక్కలో పడే పిల్లలు తగ్గుతూ వస్తున్నారు, మిగతా భారం స్టేట్ మీద, కౌంటీ మీద. పైగా ప్రతి పిల్లాడికీ కేస్‌వర్కర్ కూర్చుని అమ్మానాన్నల పాత ఆదాయం తవ్వాలి. దెబ్బలు తిని వచ్చిన పిల్లాడికి మీ నాన్న జీతం 1996 లెక్కలో ఎంత అని చూడటం ఏంటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. అడాప్షన్ అసిస్టెన్స్‌కి ఈ లింక్ తెంచడం 2008 చట్టంతో మొదలై మెల్లమెల్లగా 2024లో పూర్తయింది, ఫోస్టర్ కేర్‌కి మాత్రం తెగలేదు. ఇది పక్కా ఫెడరల్ ఆస్క్, అంటే వాషింగ్టన్ వాళ్లని అడగాల్సిన కోరిక. "1996 ఇన్‌కమ్ లింక్ తీసేయండి", ఒక్క వాక్యం. వాళ్లు వెంటనే పే-ఫర్ ఏంటి అంటారు, అంటే దానికయ్యే ఖర్చు ఎక్కడి నుంచి తేవాలి అని. దానికి జవాబు మీ దగ్గర లేకపోయినా ఫర్వాలేదు, కానీ ఆ ప్రశ్న వస్తుందని తెలిసి వెళ్లండి, నాలాగా బిత్తరపోకండి.

ఇంకోటి, తండ్రో తల్లో చనిపోయిన పిల్లలకి సోషల్ సెక్యూరిటీ నుంచి సర్వైవర్ బెనిఫిట్స్ వస్తాయి కదా, ఫోస్టర్ కేర్‌లో ఉంటే చాలా చోట్ల ఏజెన్సీయే ఆ డబ్బు తీసుకుని పిల్లాడి ఖర్చు కింద జమేసుకుంటుంది. తప్పు కాదని 2003లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కొన్ని స్టేట్స్ వాటంతట అవే ఈ పద్ధతి మానేశాయి. దీని మీద మాత్రం మీరు రెండు గుమ్మాలూ తొక్కొచ్చు.

ఆస్క్ తేలాక ఎవరిని అడగాలో చూడండి. ఫోర్-ఈ, ఫోర్-బీ రెండూ కాంగ్రెస్ రెండు సభల్లో, హౌస్‌లో వేస్ అండ్ మీన్స్ కమిటీ, సెనేట్‌లో ఫైనాన్స్ కమిటీ చేతిలో ఉంటాయి. మీ మెంబర్, అంటే మీ కాంగ్రెస్‌మన్ లేదా సెనేటర్, ఆ కమిటీలో ఉంటే మీ పంట పండినట్టే. లేకపోయినా బిల్లుకి కోస్పాన్సర్‌గా చేరమని, అంటే మద్దతుగా పేరు కలపమని అడగొచ్చు, ఇది చిన్న ఆస్కే, ఎస్ అనడం వాళ్లకీ ఈజీ. బిల్లు నంబర్ కాంగ్రెస్ డాట్ గవ్‌లో చూసుకోండి, కానీ తేదీ కూడా చూడండి, ఎందుకంటే కాంగ్రెస్ రెండేళ్లకోసారి మారుతుంది, పాస్ కాని బిల్లులన్నీ అప్పుడు పోతాయి, మళ్లీ కొత్త నంబర్‌తో పెట్టాలి. పోయిన కాంగ్రెస్ నంబర్ పట్టుకుని వెళ్లారంటే పాత బస్ టికెట్‌తో ఎక్కినట్టు ఉంటుంది.

ఫోన్ అయితే క్యాపిటల్ స్విచ్‌బోర్డ్ 202-224-3121, మీ మెంబర్ పేరు చెప్తే కలుపుతారు. ఎత్తేది ఎక్కువగా కాలేజీ ఇంటర్న్. పేరు, ఊరు, జిప్ కోడ్ చెప్పి, "నేను ఫోస్టర్ పేరెంట్‌ని, ఫలానా బిల్లుకి కోస్పాన్సర్ చేయమని అడుగుతున్నా" అంటే చాలు, నిమిషంలో అయిపోతుంది, వాళ్లు ఇష్యూ పేరు, అవునా కాదా అనేది రాసుకుంటారు అంతే. వాళ్లతో వాదించి లాభం లేదు. యాస గురించి అస్సలు బెంగ పెట్టుకోకండి, ఓపిగ్గా వింటారు.

హెచ్‌1బీ మీద ఉన్నాం, ఫోన్ చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. చేయొచ్చు, ఆ డిస్ట్రిక్ట్‌లో ఉంటే మీరూ వాళ్ల కాన్‌స్టిట్యుయెంటే (వాళ్లు ప్రాతినిధ్యం వహించే మనిషే), సిటిజన్ కావాలని లేదు. చేయకూడనిది క్యాంపెయిన్‌కి డబ్బివ్వడం, అది సిటిజన్లు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు మాత్రమే ఇవ్వాలి. ఈ తేడా తెలియక మనవాళ్లు రెండూ మానేసి కూర్చుంటారు.

మీటింగ్ కావాలంటే మెంబర్ వెబ్‌సైట్‌లో ఫారం నింపండి, ఆగస్టులో వాషింగ్టన్ ఖాళీ అయి మెంబర్లు ఊళ్లోనే ఉంటారు, అప్పుడు లోకల్ ఆఫీస్‌లో అపాయింట్‌మెంట్ ఈజీ. మెంబర్ బదులు స్టాఫర్‌ని ఇచ్చారని చిన్నబుచ్చుకోవద్దు, బిల్లు చదివి మెంబర్‌కి చెప్పేది వాళ్లే. ఒక్క పేజీ పట్టుకెళ్లండి. పైన ఆస్క్ ఒక్క వాక్యం, కింద మీ ఇంట్లో జరిగింది ఐదారు లైన్లు, ఆ తర్వాత ఒక్క అంకె. ఉదాహరణకి 2023 సెప్టెంబర్ చివరికి దేశం మొత్తం మీద సుమారు 3,43,000 మంది పిల్లలు ఫోస్టర్ కేర్‌లో ఉన్నారు. ఒకటి చాలు, పది అంకెలు పెడితే ఒక్కటీ గుర్తుండదు. మాట కూడా అదే వరసలో చెప్పండి, ఆస్క్ ముందు, కథ తర్వాత. మన అలవాటు ఏమో కాఫీలు, కుశలప్రశ్నలు అయ్యాక వెళ్లేముందు గుమ్మం దగ్గర అసలు విషయం చెప్పడం, అది అక్కడ పని చేయదు.

కథ చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త, ఇది నేను గట్టిగా చెప్తా. పిల్లాడి పేరు చెప్పకూడదు, ఫొటో చూపించకూడదు, స్కూల్ పేరు వద్దు, అమ్మానాన్నలు ఏం చేశారన్న వివరాలు అసలే వద్దు. ఆ కథ మీది కాదు, వాడిది. మీకు జరిగింది మీరు చెప్పుకోవచ్చు, దిండు కింద బనానా బ్రెడ్ నేను చూసింది కాబట్టి చెప్పా, వాడు మా ఇంటికి ఎందుకొచ్చాడో మాత్రం ఎక్కడా చెప్పను. ఏది చెప్పొచ్చో డౌట్ ఉంటే ముందే కేస్‌వర్కర్‌ని అడగండి. ఇంకా వాట్సాప్ గ్రూపుల్లో బర్త్‌డే ఫొటోలు పెట్టేస్తుంటారే, అది కూడా ఆపండి బాబూ.

వెళ్లలేని వాళ్లకి ఇంకో దారుంది, రూల్ మీద కామెంట్ రాయడం. హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్ కింద 1912లో పెట్టిన చిల్డ్రన్స్ బ్యూరో ఉంటుంది, ఫోస్టర్ కేర్ రూల్స్ డ్రాఫ్ట్ చేసేది వాళ్లే. కొత్త రూల్ ప్రతిపాదిస్తే రెగ్యులేషన్స్ డాట్ గవ్‌లో పెడతారు, మామూలుగా 30 నుంచి 60 రోజులు టైమ్ ఉంటుంది, ఎవరైనా రాయొచ్చు, మనం లేవనెత్తిన ముఖ్యమైన పాయింట్లకి వాళ్లు ఫైనల్ రూల్‌లో జవాబు చెప్పాలి. ఫార్వర్డ్ అయిన ఒకే లెటర్ వందమంది కాపీ పేస్ట్ చేస్తే ఒక లెటర్ కిందే లెక్క, మీ సొంత మాటల్లో అరపేజీ రాసినా దానికే విలువ.

మన తెలుగు సంఘం తరఫున వెళ్దాం అంటే కూడా బానే ఉంటుంది, పదిమంది పేర్లతో వెళ్తే వింటారు. 501సీ3 సంఘాలు (టాక్స్ మినహాయింపు ఉన్న లాభాపేక్షలేని సంస్థలు) చట్టాల గురించి కొంతవరకు అడగొచ్చు, కానీ ఎన్నికల్లో ఫలానా అభ్యర్థికి ఓటేయండి అని మాత్రం అనకూడదు. పెద్దాయన ఎవరైనా ఉత్సాహంలో స్టేజి మీద అనేస్తే సంఘానికే చుట్టుకుంటుంది.

దత్తత తీసుకున్నవాళ్లు టాక్స్ క్రెడిట్ సంగతి మర్చిపోవద్దు. 2025 సంవత్సరానికి పిల్లకి 17,280 డాలర్ల దాకా, ఫారం 8839, ఎక్కువ ఆదాయం ఉంటే తగ్గుతుంది. ఫోస్టర్ కేర్ నుంచి దత్తత తీసుకున్న పిల్లల్ని స్టేట్ స్పెషల్ నీడ్స్ అని నిర్ధారించి ఉంటే ఖర్చు ఏమీ కాకపోయినా పూర్తి క్రెడిట్ వస్తుంది, దీనికి జబ్బు ఉండాలని లేదు, వయసు వల్లో అన్నదమ్ములు కలిసి ఉండటం వల్లో కూడా ఇస్తారు, మన టాక్స్ లెక్కలు చూసే సీపీఏలు చాలామందికి ఈ ముక్క తెలియదు. 2025 నుంచి ఇందులో 5,000 డాలర్ల దాకా టాక్స్ కట్టాల్సింది లేకపోయినా చేతికొస్తుంది. 2010, 2011లో మొత్తం అలా చేతికి ఇచ్చేవాళ్లు, తర్వాత ఆపేశారు, మళ్లీ ఈ కొంచెం రావడానికి ఇన్నేళ్లు పట్టింది. పనులు ఈ స్పీడ్‌లో అవుతాయని తెలిసే మొదలుపెట్టండి.

ఇక అందరూ నన్ను పక్కకి పిలిచి అడిగే ప్రశ్న, ఇండియాలో మా తమ్ముడి కొడుకుని దత్తత తీసుకుని తెచ్చుకోవచ్చా అని. అది వేరే దారి, రెండు దేశాలూ హేగ్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ముందు ఇక్కడ ఐ-800ఏ అనే ఇమిగ్రేషన్ ఫారం, అక్కడ ఇండియాలో దత్తతలు చూసే ప్రభుత్వ సంస్థ "కారా" (CARA) అనుమతి. ఊళ్లో దత్తత పత్రం రాయించుకుని రిజిస్టర్ చేయించినంత మాత్రాన వీసా రాదు, పత్రం రాయించక ముందే లాయర్ని కలవండి. అయితే ఫైల్ ఇమిగ్రేషన్ దగ్గర నెలల తరబడి కదలకుండా ఉంటే ఇదే కాంగ్రెస్ ఆఫీస్ పనికొస్తుంది, ప్రైవసీ రిలీజ్ ఫారం (నా ఫైల్ గురించి మీరు అడగొచ్చు అనే అనుమతి) సంతకం పెట్టి ఇస్తే కేస్‌వర్క్ స్టాఫ్ స్టేటస్ కనుక్కుంటారు.

మీటింగ్ అయిన మర్నాడే థాంక్స్ మెయిల్ పంపి, ఆ ఒక్క పేజీ జత చేయండి, రెండు వారాలకి బిల్లు సంగతి ఏమైందని అడగండి, విసుక్కోరు, అది వాళ్ల ఉద్యోగం. మాకు దారి చూపించిన ఆ అమ్మాయి ఆర్నెల్లకే వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఆ సీట్లోకి కొత్తగా వచ్చినతనికి నేను మళ్లీ మొదటి నుంచీ చెప్పా, 1996 లింక్ ముందు, బనానా బ్రెడ్ తర్వాత. ఈసారి నాలుగు నిమిషాల్లో అయిపోయింది, మిగతా 11 నిమిషాలూ అతనే ప్రశ్నలు వేశాడు.