కెర్నెల్‌లో రిఫరెన్స్ లెక్క తప్పకుండా చూసుకోవడం ఎలా

విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతూ లినక్స్ డ్రైవర్లు రాయడం మొదలుపెట్టిన విద్యార్థులకు రిఫరెన్స్ లెక్క (కెర్నెల్‌లోని ఒక ఆబ్జెక్ట్‌ను ఇంకా ఎందరు వాడుతున్నారో చెప్పే అంకె; అది సున్నా అయితే దాని మెమరీ విడుదలవుతుంది) గురించి చెప్పవలసి వచ్చినప్పుడు, నేను వారు ఉంటున్న అద్దె గదినే చూపిస్తాను. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి నుంచి వచ్చిన నలుగురు కలిసి గది తీసుకుంటే, చివరగా ఖాళీ చేసినవారు తాళంచెవిని ఇంటి యజమానికి అప్పగించాలి. ఒకరు ఇంకా లోపల నిద్రపోతుండగానే తాళంచెవి అప్పగిస్తే అదే గదిలో కొత్తవారు దిగుతారు. కెర్నెల్‌లో దీనినే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు. అందరూ వెళ్లిపోయినా ఎవరూ అప్పగించకపోతే అది మెమరీ లీక్.

ముందుగా లెక్కకు తగిన టైపును ఎంచుకోవాలి. మామూలు అటామిక్ పూర్ణాంకం (ఒకేసారి పలువురు మార్చినా లెక్క చెడనిది) పరిమితి దాటితే చుట్టు తిరిగి సున్నాకు వస్తుంది. 2016 జనవరిలో బయటపడిన, సీవీఈ-2016-0728 అనే గుర్తింపు సంఖ్య గల లినక్స్ భద్రతా లోపం ఇటువంటిదే. ఒక ప్రాసెస్ తనకు ఇప్పటికే ఉన్న సెషన్ కీరింగ్‌నే (కెర్నెల్ రహస్య కీలను దాచే గుత్తి) పేరుతో మళ్లీ కోరినప్పుడు, వెతికే ఫంక్షన్ లెక్కను ఒకటి పెంచేది. రెండూ ఒకటేనని తేలి వెంటనే వెనుదిరిగే దారిలో మాత్రం దానిని తగ్గించే పిలుపు లేదు. లెక్క 32 బిట్లదే కాబట్టి, సుమారు 429 కోట్ల సార్లు అలా కోరితే అది సున్నాకు చేరి, వాడుకలో ఉన్న ఆబ్జెక్ట్ విడుదలయ్యే వీలు కలిగేది. 2017లో 4.11 కెర్నెల్‌తో వచ్చిన రిఫ్‌కౌంట్-టి (refcount_t) అనే టైపు పరిమితికి చేరితే అక్కడే బిగుసుకుపోతుంది. ఆ ఆబ్జెక్ట్ ఇక విడుదల కాదు, కొంత మెమరీ వృథా అవుతుంది. సిస్టమ్ పరుల చేతికి చిక్కడం కంటే ఆ నష్టమే మేలు.

అయితే టైపు మార్చినంత మాత్రాన పని పూర్తయిందనుకోవడం పొరపాటు. పై ఉదాహరణలో అసలు తప్పు మధ్యలో వెనుదిరిగే దారిలో ఉంది. అందువల్ల లెక్క పెంచే ప్రతి ఫంక్షన్ పైన, ఆ రిఫరెన్స్‌ను తగ్గించే బాధ్యత ఎవరిదో కామెంట్‌గా రాసి, ప్రతి రిటర్న్‌నూ ప్రతి గోటూనూ వేలితో చూపుతూ చదవండి.

పంచుకునే జాబితాలో ఆర్‌సీయూ (లాక్ లేకుండానే చదవనిచ్చే కెర్నెల్ పద్ధతి) కింద ఆబ్జెక్ట్‌ను వెతికి పట్టుకునేటప్పుడు, లెక్క సున్నా కానప్పుడే పెంచే 'ఇంక్ నాట్ జీరో' రూపాన్ని వాడాలి. అది విఫలమైతే ఆబ్జెక్ట్ దొరకలేదనే భావించాలి. విడుదల కూడా ఆర్‌సీయూ గడువు ముగిశాకే, అంటే అప్పటికే చదువుతున్నవారంతా ముగించాకే జరగాలి.

తగ్గించేటప్పుడు లెక్కను విడిగా చదివి నిర్ణయించకుండా, తగ్గించి, సున్నా అయిందో లేదో ఒకేసారి చెప్పే 'డెక్ అండ్ టెస్ట్' ఇచ్చిన జవాబునే నమ్మాలి. తగ్గించాక ఆ పాయింటర్‌ను ముట్టుకోకూడదు. ఒకప్పుడు నేను లెక్క తగ్గించే పుట్ పిలుపు తరువాతి వరుసలో ఆబ్జెక్ట్ పేరును లాగ్‌లో ముద్రించాను. నా యంత్రంలో వారం రోజులు చక్కగానే నడిచింది, కేఏశాన్ (విడుదలైన మెమరీని ముట్టుకుంటే పట్టిచ్చే కెర్నెల్ సాధనం) ఆన్ చేసిన మొదటి బూట్‌లోనే దొరికిపోయింది.

పరీక్షకు కేఏశాన్‌తో పాటు మెమరీ లీక్‌లను వెతికే కేమెమ్‌లీక్‌నూ ఆన్ చేసి, కెర్నెల్ లాగ్‌ను చూపే డీమెసేజ్‌లో 'refcount_t' అనే మాట కోసం వెతకండి. ఆ హెచ్చరికలు ఒక్కో రకానికి ఒక్కసారే వస్తాయి కాబట్టి, ఒక తప్పు దిద్దిన తరువాత రీబూట్ చేసి మళ్లీ నడపాలి; లేకుంటే అదే రకపు రెండో తప్పు లాగ్‌లో కనిపించదు.